గోలి చేసిన వణుకు

మంగళవారం, ఎల్లారెడ్డి

ఇయ్యాల బీడీ కార్ఖానల సేటు మనిషి నా కట్టలు సగం పక్కకు పారేసిండు. మూతులు సక్కగ మలవలేదట, దారం వదులుందట. నా చేతులు చూసి అందరి ముందట, "ఏందక్కా, రెండు దినాలసంది కల్లు దొరకలేదా?" అన్నడు. కల్లుకు అలవాటైనోళ్లకు ఒక్క దినం దొరకకుంటే చేతులు వణుకుతయి, అది మా దిక్కు అందరికి ఎరుకే. వరుసల నిలబడ్డ ఆడోళ్లు నవ్విండ్రు. మా ఇంటి పక్కామె గూడ నవ్వింది.

ఏమని చెప్పాలె? కామారెడ్డి డాక్టర్ చెప్పింది నాకే సగం సమజైంది. కాల్షియం తగిల్తేనే పనిచేసే ఎంజైమ్ ఒకటుంటదట. నాకు మార్చి పెట్టిన కిడ్నీ మీద ఒళ్లు తిరగబడకుండ నా గోలి దాన్ని ఆపుతదట. అదే ఎంజైమ్ నరాలల్ల గూడ పనిచేస్తదట, అందుకే ఈ వణుకట. "గోలి మాత్రం బంద్ చెయ్యొద్దు" అన్నడు. సరే సారూ, కిడ్నీ బతుకుతది. బీడీలు మీరొచ్చి చుడతరా?

పొద్దుమీకినంక చెల్లె వచ్చింది. నాకు కిడ్నీ ఇచ్చింది అదే. కార్ఖాన ముచ్చట అప్పటికే దాని చెవుల పడ్డది. శానాసేపు నా చేతుల దిక్కే చూసి, "అక్కా, నిజం చెప్పు. తాగుతున్నవా?" అన్నది.

గోలీల డబ్బ చూపించిన. డాక్టర్ మాట చెప్పిన. తలకాయ ఊపింది గని నమ్మినట్లు లేదు.

నాకు మండింది. "రా, నా నోరు వాసన చూడు" అన్న.

వద్దక్కా అంటదనుకున్న.

దగ్గరికొచ్చి చూసింది.