ముట్టుకోకూడని నాడు

విరుదునగర్,
బుధవారం

బంగారం లాంటి మా చిన్నతాయి అక్కకు,

ఈ ఉత్తరం చదవగానే పొయ్యిలో వేసెయ్యి. పెద్దమ్మ తిరుత్తణి నుంచి వచ్చినప్పుడు మనిద్దరికీ నేర్పిన తెలుగు అక్షరాలు ఇప్పుడు పనికొచ్చాయి చూడు. మా అత్తగారింట్లో అందరూ మన మాటే మాట్లాడతారు గాని రాస్తే చదవలేరు. లేకపోతే ఇదంతా రాసే ధైర్యం నాకెక్కడిది?

నాకు చాలా భయంగా ఉందక్కా. మా అచ్చాపీసులో కంప్యూటర్ లేవడం లేదు. బొత్తాం నొక్కితే దీపం వెలుగుతుంది, లోపల ఫ్యాన్ తిరుగుతుంది, అంతలోనే అన్నీ ఆరిపోతాయి. దీపావళి టపాసుల పెట్టెలకు వేయాల్సిన లేబుళ్ళ బొమ్మలన్నీ అందులోనే ఉన్నాయి. అవన్నీ నేను కూర్చుని గీసినవే. పండగ దగ్గరికొచ్చింది, సాత్తూరు టపాసుల కంపెనీవాళ్ళు రోజూ ఫోన్ చేసి అరుస్తున్నారు.

జరిగింది చెప్తాను, తిట్టకు. ఆయుధపూజకు ముందురోజు సాయంత్రం అప్‌డేట్ చెయ్యమని తెరమీద అడిగితే సరే అని నొక్కాను. అది ఎంతకీ తెమల్లేదు. మధ్యలో ఆపొద్దని రాసి ఉంటే అలాగే వదిలేసి ఇంటికొచ్చాను. మర్నాడు పూజ. ఆ రోజు పనిముట్లు విశ్రాంతి తీసుకోవాలని నీకు తెలియదా, మన నాయన కత్తెర కూడా ముట్టనిచ్చేవాడు కాదు కదా! పూజ అయింది, అచ్చుయంత్రానికీ కంప్యూటర్‌కీ గంధం, కుంకుమ పెట్టి ఉన్నాయి, అందరికీ బొరుగులు పంచుతున్నారు. చూస్తే నా కంప్యూటర్ ఇంకా వెలుగుతూనే ఉంది! అప్‌డేట్ అయిపోయిందట, ఆపి మళ్ళీ తెరవమంటోంది. అచ్చాపీసు యజమాని, మా మొదలాళి లక్ష్మణసామి చూస్తే ఊరుకోడు. ఎవరూ చూడకుండా మౌస్ పట్టుకుని ఆపేశాను. పూజలో కూర్చోబెట్టిన దాన్ని ముట్టుకున్నానక్కా. ఆ తర్వాత అది లేవనే లేదు.

మొదలాళి మదురై మెకానిక్‌కి ఫోన్ చేస్తే, అప్‌డేట్ లోపల పాడు చేసి ఉంటుంది, శనివారం వచ్చి అంతా తుడిచేసి మళ్ళీ ఎక్కిస్తానన్నాడట. అంటే నా బొమ్మలన్నీ పోతాయి. మొదలాళి అందరినీ నిలబెట్టి, "పూజనాడు దాన్ని ఎవురు ముట్టినారు? నిజం సెప్పండి" అన్నాడు. నేను తల దించుకున్నాను. వాళ్ళమ్మ రాజమ్మాళ్ అవ్వ గడప దగ్గర నిలబడి నన్నే చూస్తోంది. చూసేసిందేమో.

పని పోతే పోనీ. అంతకంటే పెద్ద భయం ఇంకొకటుంది. రెండుసార్లు నా కడుపు నిలవలేదు. ఈసారి నాలుగో నెల పడింది, నీకు తప్ప బయట ఎవరికీ చెప్పలేదు. పూజ అందుకున్న అమ్మవారి కోపం ఆ ఇనుపపెట్టెతో ఆగుతుందా? నిన్నటి నుంచి కాస్త నడుం నొప్పిగా ఉంది, ఇదీ నిలవదేమో. మీ మరిదికి చెబుదామంటే నోరు రావడం లేదు. శనివారం మొదలాళితో నిజం చెప్పి, పని మానేసి, కోవిల్పట్టి వచ్చి నీ దగ్గరుంటాను. నన్ను ఉంచుకుంటావు కదూ?

నీ పాపిష్టి చెల్లెలు,
మారిసెల్వి

విరుదునగర్,
శనివారం

మా అక్కకు, కోటి దండాలతో,

నా కోసం చాప పరచొద్దు, నేను రావడం లేదు!

పొద్దున్నే మెకానిక్ కంటే ముందే వెళ్ళాను. మొదలాళి ఇంకా రాలేదు, రాజమ్మాళ్ అవ్వ మాత్రం అరుగు మీద కూర్చుని ఉంది. ఇన్నాళ్ళు కూడు పెట్టిన యంత్రం కదా, పని మానేసి పోయే ముందు శుభ్రం చేసి దండం పెట్టుకుందామని తడిగుడ్డ తీసుకున్నాను. దాని ముఖం మీద గంధం పేడలా గట్టిపడి ఉంది. రుద్దుతూ ఉంటే, లోపలికి దిగిపోయి ఉన్న బొత్తాం టక్కున బయటికొచ్చింది. మళ్ళీ నొక్కాను. దీపం వెలిగింది, ఆరలేదు. తెర వచ్చింది. నా బొమ్మలన్నీ ఉన్నాయక్కా, ఒక్కటీ పోలేదు!

నేను కేక పెడితే అవ్వ పరుగెత్తుకొచ్చింది. చూసి అక్కడే కూలబడి ఏడ్చింది. "పాపా, నేనే సేసినా. మా ఆయన పోయినాక దేనికీ గంధం పెట్టనీరు నన్ను. పూజనాడు ఎవురూ లేవకముందే వచ్చి దానికి పూసినా, ఆశ ఆగలేదు. ముండమోసినదాని సెయ్యి తగిలే అది సచ్చిపోయె అని కూడు దిగలేదు నాకు. నువ్వు సూసేసినావని నీ ముఖమే సూస్తా ఉంటిని."

ఈ ముసలితల్లి నాలాగే ఇన్నాళ్ళూ చచ్చిపోతూ ఉంది! చేసింది నిజంగా ఆమె గంధమే కదా. కాదని అబద్ధమాడదామనుకున్నాను. మనసొప్పలేదు.

"అవ్వా, నీ సెయ్యి కాదు. గంధం మందంగా పూసినావు, బొత్తాం అంటుకొనె, నొక్కితే మళ్ళీ పైకి రాక అది ఆరిపోతా ఉండె. మీ కోడలు పూసినా అంటుకొనేదే."

"గంధమేనా?"

"గంధమే."

"సామి కోపం లేదా?"

"లేదవ్వా" అన్నాను. ఆమెకు చెప్పిన ఆ మాట నా చెవిన పడ్డాక నాకూ ఏడుపాగలేదు. నేను చేసిందీ, కడుపు సంగతీ అన్నీ చెప్పేశాను. "పిచ్చిదానా, దీపం ఆర్పినట్టు ఆర్పినావు, దానికి బిడ్డ మీద ఎవురు కోపం సేస్తారు?" అని నా తల నిమిరింది.

ఇంతలో మొదలాళి, ఆయన భార్య వచ్చారు. వెలుగుతున్న తెర చూసి ఆయన గబగబా దగ్గరికొచ్చాడు. ఏమైందని అడిగాడు. తెల్లచీర కొంగుతో కళ్ళు తుడుచుకుని అవ్వే చెప్పింది.

"పూజనాడు గంధం పూసింది నేను. ఎక్కువ పూసేస్తి. వచ్చే ఏడు సన్నంగా పూస్తా."

కోడలు మొగుడి వైపు చూసింది. ఆయన తల్లి చేతుల వైపు చూసి, "సరేమ్మా" అన్నాడు.

నీ చెల్లెలు,
మారిసెల్వి