ప, వ మధ్య ఖాళీ గడి

ఫిబ్రవరి 9, సోమవారం
"పసుపు" అయింది. మూడు అక్షరాలకు నాలుగు గళ్ల కాగితాలు. ఎత్తు పదహారు గళ్లు, ఒక్కటి మించరాదు. నల్లగా నింపిన గడి బోర్డు మీద వెలుగుతుంది, వదిలేసింది వెలగదు. తమ్ముడు మారుతి చేసే లైటు బోర్డుల్లో ఇంగ్లిషు అక్షరాలు తయారుగా ఉంటాయి, తెలుగువి విరిగిపోతాయి; అందుకే నన్ను గళ్లలో గీసిమ్మన్నాడు. "అక్క, మ్యాటీ గుడ్డ మీద చిలుకలు కుట్టినవు గద, గిది గంతే. పాత బటన్ల ఫోన్ల అక్షరాలు యాదికున్నయా, గట్ల."
గంతే ఏమీ కాదు. చిలుక ముక్కు ఒక గడి తప్పినా చిలుకే.

ఫిబ్రవరి 10
"ధర." ధ కింద గీత చెరిగితే ద. మూడుసార్లు దిద్దాను. మా ఆయన తొంగిచూసి — "గీ సుక్కలేవో వాకిట్ల వెడితె ముగ్గన్న అయితుండె."

ఫిబ్రవరి 12
బోర్డు ఎక్కింది. మార్కెట్ యార్డులో, రైతుల పసుపు అమ్మిపెట్టే అడ్తి సేటు దుకాణం మీద. మారుతి దగ్గరి నుంచి తీసిన ఫోటో పంపాడు. నా అక్షరాలు. పప్పులో ఉప్పు వేశానో లేదో గుర్తులేదు.

ఫిబ్రవరి 13
వెళ్లి చూశాను. గేటు దగ్గర నుంచే తెలిసిపోయింది. పసుపు కాదు... పసువు.
ఏర్గట్ల నుంచి వచ్చిన రైతు బస్తా దించుతూ — "సేటు, పసుల బేరం గూడ షురూ జేసినవా? మా బర్రె ఉన్నది, తోల్కరమ్మంటవా?" హమాలీలు కూడా నవ్వారు. సేటు నవ్వలేదు. "మారుతీ, సోమవారం దాక సూస్త. గాకపోతె ఇంగ్లిషుల వెట్టు, లొల్లి వోతది."
రాసింది అక్క అని మారుతి చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

ఫిబ్రవరి 14
తప్పు దొరికింది. మొదటి ప బాగానే ఉంది. పు కొమ్ము కింది నుంచి లేవాలి, దానికి చోటు కావాలని అక్షరాన్ని పైకి జరిపాను. తలకట్టు కింద ఒక్క గడే ఖాళీ మిగిలింది. కాగితం మీద అది చాలు. వెలుతురు గీసిన చోట ఆగదు — పైనుంచీ కిందనుంచీ పొంగి ఆ గడిని మింగేస్తుంది. అతుక్కుంటే వు.

ఫిబ్రవరి 15
రెండు గళ్లు వదిలితే కొమ్ముకు చోటు లేదు. కొమ్ము ఉంచితే గడి లేదు. అన్నం మాడింది.
"ఇంగ్లిషుల వెడితె ఏమాయె?" అంటారు ఆయన.
"బర్రె అమ్ముతనన్నాయన సదువుతడా?"
ఆయన మాడింది పక్కకు తీసి తిన్నారు.

ఫిబ్రవరి 16, సోమవారం
తొమ్మిదో కాగితం. రెండు గళ్లు వదిలాను, కొమ్మును ఒక్క గడి మందానికి సన్నం చేశాను. గోడకు అంటించి వాకిలి దాకా వెనక్కి నడిచాను. పు. ఇంకా వెనక్కి — పు. కానీ ఇది సిరా. వెలిగితే ఆ సన్నటి కొమ్ము నిలుస్తుందా...
మారుతి ఫోన్. "అక్క, అయిందా? నిచ్చెన మీదున్న. సేటు కిందనే నిలవడ్డడు."
అయింది అన్నాను.