ఇంకుడు గుంత కేసు

తంగళ్ళపల్లి,
జులై 8.

చిరంజీవి సుమలతకు బాపు ఏసయ్య దీవించి రాసేది. ప్రభువు దయ వల్ల నీ పరీక్షలు బాగా సాగుతున్నాయని తలుస్తాను.

ఫోను చేసి లాభం లేదని నీకు తెలుసు. ముప్పయ్యేళ్లు సాంచాల మోతలో, మరమగ్గాల నడుమ నిలబడ్డ చెవులివి. అందుకే రాస్తున్నాను. కూర్చొని చదువు.

నువ్వు జగిత్యాల పోయిన మరునాడు, సోమవారం పొద్దున, గల్లీలో ఉన్న ఇంకుడు గుంతలో పడి ఎడమ కాలు విరిగింది. పైన కప్పు లేదు. వాన నీళ్లు నిండి ఏది గుంతో ఏది నేలో తెలియలేదు. సిరిసిల్ల దవాఖానలో కట్టు కట్టారు. ఆరు వారాలు ఆ కాలు కింద పెట్టొద్దన్నారు. సాంచాల యజమాని, ఆసామి, అప్పుడే మొదలుపెట్టాడు. "పదిహేను దినాలు చూస్త. మనిషి రాకుంటే సాంచాలు ఇంకొకనికి అప్పజెప్త" అన్నాడు.

గల్లీలో తలా ఒక మాట. "గుంత తవ్వినోనిదే తప్పు" అని కొందరు. "పడ్డోనికి కండ్లు లేవా" అని కొందరు. నువ్వు చదివే టార్చి చట్టం ఇలాంటి వాటి గురించే కదా? తప్పు ఎవరిదో ఉన్నదున్నట్టు రాయి. మొహమాటం వద్దు. నువ్వెట్లా రాస్తే అట్లా చేస్తాను.

పరీక్షలు వదిలి ఇంటికొచ్చావో, పోయిన మీ అమ్మ మీద ఒట్టే.

ఇట్లు,
నీ బాపు ఏసయ్య.

తా.క. ఫికర్ జేయకు బిడ్డ. విరిగింది కాలే, నోరు గాదు. నిన్న కోడికూర గిన్నె ఊడ్చినట్టు ఖాళీ అయింది.

---

జగిత్యాల,
జులై 11.

బాపుకు సుమలత నమస్కారాలు.

నీ ఉత్తరం హాస్టల్ మెట్ల మీదే కూర్చొని చదివాను. ఒట్టు పెట్టకపోయుంటే ఈపాటికి బస్సులో ఉండేదాన్ని. కాలు దిండు మీద ఎత్తులో పెట్టాలి. దురద పుడుతోందని కట్టులోకి పుల్లలు దూర్చొద్దు.

ఇక చట్టం. అది టార్చి కాదు బాపు, టార్ట్. ఒకరి వల్ల ఇంకొకరికి అన్యాయంగా నష్టం జరిగితే దాన్ని పూడ్చమని అడిగే చట్టం. నువ్వు మొహమాటం వద్దన్నావు కాబట్టి పేర్లు కూడా రాయడం లేదు. కోర్టులో రాసినట్టే "బాధితుడు", "తవ్వినవాడు" అని రాస్తున్నాను.

మూడు ప్రశ్నలు. పక్కవాళ్ల పట్ల తవ్వినవాడికి జాగ్రత్త తీసుకునే బాధ్యత ఉందా? ఉంది. మనుషులు నడిచే దారిలో గుంత తవ్వితే, ఎవరైనా పడొచ్చని ముందే ఊహించాలి. ఆ బాధ్యత తప్పాడా? తప్పాడు. కప్పు లేదు, చుట్టూ తాడు కూడా లేదు. దానివల్ల నష్టం జరిగిందా? విరిగిన కాలే సాక్షి. మూడూ ఉన్నాయి. ఇది నిర్లక్ష్యం. తప్పు నూటికి నూరుపాళ్లు తవ్వినవాడిదే.

వాడు మనకెంత దగ్గరివాడైనా నా మాట మారదు. ఈ ఉత్తరం పక్కింటి నర్సింగం కాకకు కూడా చదివి వినిపించు.

ఇట్లు,
నీ బిడ్డ సుమలత.

తా.క. కాకకు రెండుసార్లు ఫోన్ చేశాను. స్విచాఫ్. మనసులో ఏమీ లేనివాళ్లు ఫోన్ ఎందుకు ఆపేసుకుంటారు?

---

తంగళ్ళపల్లి,
జులై 14.

చిరంజీవి సుమలతకు బాపు దీవెనలు.

నీ ఉత్తరం నర్సింగానికి చదివి వినిపించాను. సగానికి రాకముందే కళ్లు తుడుచుకున్నాడు. "గింత మాట రాసిందా మన సుమ?" అన్నాడు. మొగుని కళ్లు చూసి అమృత చిన్నమ్మ పొయ్యి కాడి నుంచి లేచి వచ్చింది. "గా కాయితం చింపెయ్ బావా. ఇండ్ల నడుమ చట్టం జొరవడితే మనుషులు మిగులుతరా?" అంది. నేను చింపలేదు. నా బిడ్డ చేతిరాత అది. నువ్వు రాసింది నాకు సమ్మతమే.

ఒక్క సంగతి మాత్రం అడుగుతాను. గల్లీలో మురికి నీళ్లు నిలవొద్దని, మంచికే ఆ గుంత తవ్వింది. ఎవర్నో పడెయ్యాలని కాదు. దానికి చట్టంలో ఏమైనా కనికరం ఉందా? లేకపోతే జైలు ఎన్నాళ్లు ఉంటుంది? కంబళి, గ్లాసు ఇంటి నుంచి తీసుకుపోవాలా, వాళ్లే ఇస్తారా? మెల్లగా కనుక్కొని రాయి.

ఇట్లు,
నీ బాపు.

తా.క. నర్సింగం ఫోను గుంతల ఉన్నది బిడ్డ. చేస్తే కప్పలెత్తుతయ్.

---

కోరుట్ల,
జులై 17.

బాపుకు నమస్కారాలు.

పరీక్షకూ పరీక్షకూ మధ్య నాలుగు రోజులు సెలవు దొరికింది. హేమలత మేడమ్ దగ్గర పని నేర్చుకోవడానికి కోరుట్ల వచ్చాను. ఆమె ఇక్కడి కోర్టులో వకీలు. ఈ ఉత్తరం ఆమె ఆఫీసులో కూర్చొనే రాస్తున్నాను.

నువ్వు కరుగుతున్నావు. నాకు అర్థమవుతోంది. ఆ కన్నీళ్లు చూసి మోసపోవద్దు. మంచి ఉద్దేశంతో తవ్వినా నిర్లక్ష్యం నిర్లక్ష్యమే. జైలు గురించి బెంగ వద్దు. ఇది సివిల్ తప్పు, ఇందులో జైలు రాదు. నష్టం పూడ్చడమే ఉంటుంది. కానీ ఫోన్ గుంతలో వేశాడంటే నాకు మనసు విరిగిపోయింది. సాక్ష్యం మాయం చేసేదాకా పోయాడన్నమాట.

నోటీసు టైపు చేసి జతపరిచాను. కాక ఇంటి పేరు, ఆయన తండ్రి పేరు నాకు సరిగ్గా తెలియవు కాబట్టి, ఇద్దరివీ నువ్వే రాస్తావని పేర్ల దగ్గర ఖాళీలు వదిలాను. ఉన్నదున్నట్టు నింపు. కింద బాధితుడు సంతకం పెట్టాలి. తవ్వినవాడు "అందింది" అని సంతకం పెట్టాలి. ఎంత బతిమాలినా ఆగొద్దు.

కేసు తేలేదాకా ఆ ఇంటికీ మన ఇంటికీ మధ్య కూర గిన్నెలు తిరగకూడదు. రేపు కోర్టులో "కలిసి తింటూనే ఉన్నారుగా" అంటారు.

ఇట్లు,
సుమలత.

తా.క. గుంత తవ్వింది వాళ్లేనని నాకు ముందే తెలుసు. గుంతలో పోయాల్సిన కంకర కుప్ప వాళ్ల వాకిట్లో చూశాను. లా చదివే వాళ్ల కళ్లు ఊరికే ఉండవు బాపు.

---

తంగళ్ళపల్లి,
జులై 21.

చిరంజీవి సుమలతకు బాపు దీవెనలు.

నోటీసు అందింది. నువ్వు చెప్పినట్టే నింపాను. బాధితుడు అన్నచోట నర్సింగం పేరు, వాళ్ల నాయన పేరు రాశాను. గుంత తవ్వినవాడు అన్నచోట నా పేరు, మా నాయన దేవదాసు పేరు రాశాను. ఒక్క అక్షరం కొట్టివేత లేదు.

నర్సింగం సంతకం పెట్టనన్నాడు. మంచం మీద గోడ వైపు తిరిగి పడుకున్నాడు. "ముప్పయ్యేండ్లు పక్కపక్క సాంచాలు నడిపినం. నీ మీద నేను నోటీసిచ్చుడా? కాలు పోతే పోనీ" అన్నాడు. నేను పెన్ను అతని వేళ్ల మధ్య పెట్టాను. "నువ్వు పెట్టకుంటే నా బిడ్డ చదువుకు ఇలువేంది" అన్నాను. అప్పుడు పెట్టాడు. నేను నిలబడే "అందింది" అని రాసి సంతకం పెట్టాను. ఒకే గదిలో ఇచ్చి పుచ్చుకున్నాం కాబట్టి పోస్టుతో పని పడలేదు.

కంకర కుప్ప సంగతి. గుంత తవ్వింది నేనే. నా వాకిలి చాలకపోతే నర్సింగం తన వాకిట్లో పోయించుకున్నాడు. ఆ సోమవారం కూడా వాన పడుతోందని, షిఫ్టుకు నన్ను లేపడానికే వచ్చి పడ్డాడు. చేతిలో ఉన్న ఫోను కూడా అతనితోపాటే పడింది.

అప్పటి నుంచి అతని సాంచాలు కూడా నేనే చూస్తున్నాను. ఆసామి వాటిని వేరేవాళ్లకు ఇవ్వకూడదు కదా. నా వాటి దగ్గర పోగు తెగితే అతని వాటి దగ్గర నుంచి పరుగెత్తాలి. పరుగెత్తుతున్నాను.

నిన్న అమృత కూర గిన్నె పంపితే, నువ్వు వద్దన్నావని మూత తీయకుండా తిప్పి పంపాను. ఆమె గిన్నె తీసుకుంది. తలుపు వేసుకుంది.

కన్నబిడ్డే నోటీసు రాసిందని సిగ్గుపడాలో, తండ్రని కూడా చూడలేదని గర్వపడాలో తెలియలేదు. రెండూ పడ్డాను.

ఇట్లు,
నీ బాపు, తవ్వినవాడు.

తా.క. పదిహేను దినాల్ల జవాబియ్యాలె అని నోటీసుల ఉన్నది. నువ్వేమో నర్సింగం దిక్కున్నవ్. నాకు ఒక మంచి వకీలును చూసిపెడ్తవా?

---

జగిత్యాల,
జులై 24.

బాపూ!

పడ్డది నువ్వనుకున్నాను! "కాలు విరిగింది" అని రాశావు గానీ ఎవరి కాలో రాశావా? ఇన్ని రోజులూ నీ కాలనుకొని ఏడ్చాను. నిన్ను కాపాడదామని రాసిన నోటీసును నువ్వే నీ మీద వేసుకున్నావు!

హేమలత మేడమ్‌కు ఫోన్ చేసి చెప్పాను. మొత్తం విని "నోటీసు రాసే ముంగట, పడ్డదెవరో అడగాల్నమ్మా" అని పెట్టేశారు.

అయినా కంగారు లేదు. ఇప్పటి నుంచి నేను నీ వకీలును. నర్సింగం కాకకు అక్కడ గుంత ఉందని తెలుసు. తెలిసీ చూసుకోకుండా నడిచాడు, కాబట్టి కొంత తప్పు ఆయనది కూడా. అన్నిటికన్నా ముఖ్యం, నువ్వు నిర్లక్ష్యం చేయనే లేదు! నేను శనివారం ఇంటికి వచ్చినప్పుడు ఆ గుంత మీద పాత తలుపు చెక్క ఉంది. నా కళ్లతో చూశాను. అంటే నువ్వు కప్పావు. సోమవారానికి దాన్ని ఎవరో తీశారు. అసలు దోషి తవ్వినవాడు కాదు, తీసినవాడు. వాడికి బుద్ధి ఉండాలి కదా? కప్పు తీస్తే ఎవరైనా పడతారని చిన్నపిల్లలకు కూడా తెలుస్తుంది.

అది ఎవరో కూడా నాకు తెలుసు. పాత సామాన్లు కొనే హన్మంతు. ఆదివారం బండి తోసుకుంటూ మన గల్లీలో తిరగడం చూశాను. చెక్క ఎత్తుకుపోతే అది దొంగతనం కూడా. ఫిర్యాదు టైపు చేసి పంపుతున్నాను. ఈసారి ఖాళీలు వదల్లేదు, హన్మంతు పేరు నేనే పెట్టాను. సంతకం చేసి స్టేషన్‌లో ఇవ్వు. గరీబోడు, ముసలోడు అని వెనకాడొద్దు.

ఇట్లు,
నీ వకీలు సుమలత.

తా.క. ముందు రాసిన ఉత్తరాలు పొయ్యిలో పెట్టెయ్. ఆ సిద్ధాంతాలు వేరే గుంతలకు.

---

తంగళ్ళపల్లి,
జులై 27.

చిరంజీవి సుమలతకు బాపు దీవించి రాసేది.

ఈ ఉత్తరం నీ పరీక్షలన్నీ అయ్యాకే రాద్దామనుకున్నాను. నర్సింగం, అమృత, నేను ముగ్గురం అట్లాగే మాటనుకున్నాం. కానీ నువ్వు పంపిన ఫిర్యాదు చూశాక ఆగలేకపోతున్నాను. ఖాళీ ఉంచి ఉంటే ఎట్లాగోలా నింపేవాణ్ని. నువ్వు పేరు పెట్టేశావు.

ఆ సోమవారం నర్సింగాన్ని గుంతలో నుంచి లేపింది హన్మంతే. తన బండి మీది సామానంతా గల్లీలో దించేసి, నర్సింగాన్ని దాని మీద పడుకోబెట్టి, వానలో రోడ్డు దాకా తోసుకొచ్చాడు. అక్కడే ఆటో దొరికింది. నీ కాయితం చదివితే నర్సింగం మంచం మీద లేచి కూర్చున్నాడు. "నా మీద ఏమన్న రాయని. హన్మంతును మాత్రం ఇరికియ్యనియ్య" అన్నాడు.

ఆ చెక్క తీసింది నువ్వే బిడ్డా.

ఆదివారం పొద్దున వాన వెలిసింది. వాకిలంతా బురద. ఆటో వచ్చి హారన్ కొడుతోంది. కొత్త చెప్పులు పాడవుతాయని గుంత మీది చెక్క లాగి బురద మీద వేసి, దాని మీదుగా నడిచి ఆటో ఎక్కావు. అమృత గిన్నెలు కడుగుతూ చూసింది. నువ్వే మళ్లీ పెడతావనుకుంది. నువ్వు చెయ్యి ఊపి వెళ్లిపోయావు. నేను సాంచాల మీది నుంచి వచ్చి, బురదలో చెక్క చూసి, ఎవరో నడవడానికి వేశారనుకొని దాని మీదుగానే ఇంట్లోకి పోయాను. గుంత వైపు చూడలేదు. తప్పులో నాకు కూడా వాటా ఉంది.

నర్సింగానికి దవాఖానలోనే చెప్పాను. కట్టు కట్టించుకుంటూ "పోరికి పరీక్షలున్నయ్. ఇప్పుడే చెప్పకు" అన్నాడు. తవ్వినవాడిదే తప్పు అని నువ్వు రాస్తే ఈ సంగతి నాతోనే పోతుందనుకున్నాను. నీ మొదటి ఉత్తరం చదివినప్పుడు నా గుండె తేలికైంది. అది విని నర్సింగం ఎందుకు ఏడ్చాడో నీకు ఇప్పుడు తెలుస్తుంది: చెక్క తీసిన బిడ్డే, ఏమీ తెలియక, తప్పంతా తండ్రి మీద రాసింది.

ఫిర్యాదు చింపేశాను. నోటీసు మాత్రం చింపడానికి నర్సింగం ఇవ్వనంటున్నాడు. తవ్వినవాడి పేరు కొట్టేసి "తీసింది: సుమలత" అని తన చేత్తో రాసుకున్నాడు. ఏం పూడ్చమంటావని అడిగాను. "కట్టు ఇప్పేదాక నన్ను దవాఖానకు గామెనే తోలుకపోవాలె. పోంగ రాంగ నేను తిడుత. ఎదురు మాట్లాడొద్దు" అన్నాడు. నాకు సబబుగానే తోచింది. పరీక్ష అయిన రోజే బస్సెక్కు. ముందు హన్మంతు ఇంటికి పోయి, ఆ తర్వాత మన ఇంటికి రా.

అమృత ఇందాకే పప్పు గిన్నె తెచ్చి, "నీ వకీలు ఏమన్నా నాకెరుకలేదు, తిను" అని ముందు పెట్టి నిలబడింది. తిన్నాను.

ఇట్లు,
నీ బాపు ఏసయ్య.

తా.క. రేపటికెల్లి టార్ట్ పరీక్షకు చదువుకుంటవు గద. గీ ప్రశ్న వస్తే మనసు అటు ఇటు చేసుకోకు. నువ్వు మొన్న రాసిందే రాయి, తప్పు తీసినోళ్లదే. నా బిడ్డ అని ఇడిచిపెట్టకు, మార్కులు పోతయ్.