అక్టోబర్ అని రాశాడు

మార్చి 4

బుకింగ్ ముగిసింది. మేం అనుకున్నదానికి నాలుగింతల మంది డబ్బు కట్టారు. ఇంకా తయారుకాని వస్తువుకి. తమ్ముడు సంతోషం పట్టలేక నన్ను ఎత్తబోయి నడుం పట్టేయించుకున్నాడు.

వస్తువు పేరు 'తట్టు'. దిండు కింద పెట్టుకునే బిళ్ళ. ఇంట్లో పసిబిడ్డ ఏడ్చినా, పొగ అలారం మోగినా అది అదిరి మనిషిని లేపుతుంది. చెవులు వినపడనివాళ్ళ కోసం. మా పిన్నికి వినపడదు, పెదవులు చూసి మాట పట్టుకుంటుంది. ఆవిడ కోసమే మొదలుపెట్టాం. పేరు చెబితే ఆవిడే నవ్వింది, ఒంటి మీద తట్టు పోస్తుందనుకుంటారు, వేరే పేరే దొరకలేదా అని.

బుకింగ్ పేజీలో తమ్ముడు 'అక్టోబర్‌లో మీ ఇంట్లో' అని రాశాడు. ఎవర్నడిగి రాశావురా అన్నాను. అందరూ అలాగే రాస్తారన్నాడు. రాయడం వాడి పని. తయారు చేయించడం నా పని. పదేళ్ళు మిక్సీలకీ ఫ్యాన్లకీ ప్లాస్టిక్ బాడీలు డిజైన్ చేసినదాన్ని. ఇది ఎంత పనో నాకు తెలుసు.

మార్చి 6

కామెంట్లు చదువుతున్నాను. ఒకావిడ రాసింది. ఆవిడకీ భర్తకీ ఇద్దరికీ వినపడదు. అక్టోబర్‌లోనే కాన్పు. వాళ్ళమ్మ వచ్చి ఉంటానంటే వద్దని తెగేసి చెప్పిందట. మా బిడ్డని మేమే చూసుకుంటాం, మెషీన్ వస్తోందిగా అని. చివర్న థాంక్స్, రెండు హార్టులు.

ఆ హార్టులకి జవాబు రాయబోయి చెరిపేశాను.

మార్చి 9

అచ్చుల షాపుకి వెళ్ళాను. ప్లాస్టిక్ బాడీ పోయాలంటే ముందు ఉక్కులో అచ్చు చెక్కాలి. ఓనర్‌కి మేం పెట్టిన పేరు 'అయిపోతుందిగారు'. ఏమడిగినా అదే మాట. మంచాయన. కుర్చీ తుడిచి వేశాడు, టీ తెప్పించాడు, రెండు నెలల్లో అయిపోతుందన్నాడు.

గోడ వారగా నూనె రాసి పాలిథిన్ చుట్టిన ఉక్కు దిమ్మలున్నాయి. ఒక్కోదానికి ఒక చీటీ. అవన్నీ మాకంటే ముందొచ్చినవాళ్ళవట. ఒక చీటీ వంగి చూశాను. నిరుటి తేదీ. ఇదేంటండీ అన్నాను. అదా, అదీ అయిపోతుందన్నాడు.

టీ సగంలో వదిలేసి వచ్చాను.

మార్చి 10

ఆయన రెండు నెలలంటే నేను ఎన్ని రాసుకోవాలి?

మార్చి 15, మధ్యాహ్నం

మా ఆఫీసంటే లాండ్రీ పైన ఒక గది. ఇస్త్రీ వేడికి నేల ఎప్పుడూ వెచ్చగానే ఉంటుంది. గోడకి పనికో కాగితం అతికించుకుంటూ పోయాను. అచ్చు. దిద్దుబాట్లు. సేఫ్టీ ల్యాబ్, అక్కడ క్యూ, ఫెయిలైతే మళ్ళీ క్యూ చివర. బ్యాటరీల్ని విమానంలో పంపనని ఏజెంట్ చెప్పేశాడు, ఓడలోనే రావాలి. ఆ తర్వాత బిగింపు, ప్యాకింగ్. ఒకదాని తోక పట్టుకుని ఇంకొకటి. ఏదీ ముందుకి దూకదు. వచ్చే ఏడాది జూన్ వచ్చేసరికి గోడ అయిపోయింది. చివరి కాగితాలు తలుపు మీదకి వెళ్ళాయి.

తమ్ముడు వచ్చి చూశాడు. ల్యాబ్ కాగితం పీకి అచ్చు పక్కన అతికించాడు, రెండూ ఒకేసారి జరుగుతాయన్నట్టు. పీకి మళ్ళీ దాని చోట పెట్టాను. మళ్ళీ పీకాడు. అచ్చే లేకుండా ల్యాబ్‌కి ఏం చూపిస్తావురా అన్నాను. మనం చేత్తో చేసిన శాంపిల్ పనిచేస్తోంది కదా అన్నాడు. ఇప్పుడే ఏడాది పైనే అంటే జనం చెప్పులు తీస్తారట. సెప్టెంబర్ దాకా ఆగి అప్పుడు చెబుదామట. చిన్నప్పుడు మార్కుల కార్డు దాచినప్పుడు వాడి గొంతు ఇలాగే ఉండేది.

సెప్టెంబర్‌కి ఆ హార్టులు పెట్టినావిడకి నెలలు నిండుతుంటాయి.

మార్చి 19

శాంపిల్ సంగతేంటో చూద్దామని పిన్ని ఇంటికి వెళ్ళాను. భోంచేసి నడుం వాల్చింది. బిళ్ళ దిండు కింద పెట్టి, పక్క గదిలో ఫోన్‌లో పసిబిడ్డ ఏడుపు వినిపించాను. లేచి నవ్వింది. మళ్ళీ పడుకోమన్నాను. మళ్ళీ లేచింది. అలా నాలుగైదుసార్లు. ఆటలా ఉంది. చివరికి నిజంగానే నిద్రపోయింది.

ఈసారి లేవలేదు. సౌండ్ పెంచాను. ఫోన్ తెచ్చి మంచం పక్కనే పట్టుకున్నాను. బిడ్డ గుక్కపట్టి ఏడుస్తోంది. పిన్ని నోరు కాస్త తెరుచుకుని, ఎంత హాయిగా.

రికార్డింగే. తెలుసు. అయినా పిన్ని భుజం పట్టి కుదిపాను.

మార్చి 20

ఫోన్‌దే తప్పయి ఉంటుందన్నాడు తమ్ముడు. లాక్కెళ్ళాను. అదే మంచం, అదే బిళ్ళ, పిన్ని మధ్యాహ్నం నిద్ర. మొదటిసారి అదిరింది. చూశావా అన్నట్టు చూశాడు. పిన్ని మళ్ళీ నిద్రపోయేదాకా ఆగాం.

రెండోసారి అదరలేదు. మేమిద్దరం మంచం కాళ్ళ దగ్గర నుంచుని వింటున్నాం. వాడు ఫోన్ లాక్కుని ఆపబోయాడు, చేతిలోంచి జారి దబ్బున నేలమీద పడింది. ఆ అదురుకి పిన్ని కళ్ళు తెరిచింది. మా మొహాలు చూసింది.

"ఏడ్చిందా?" అంది.

తలూపాను. ఆవిడ మెల్లగా దిండెత్తి బిళ్ళని చూసింది.

తమ్ముడు బయటికెళ్ళి మెట్ల మీద కూర్చున్నాడు. నేను వెళ్ళి పక్కన కూర్చుంటే, "డబ్బు కట్టినవాళ్ళకి రాసేద్దాం అక్కా," అన్నాడు.

మార్చి 21

విప్పి చూశాం. తల బరువుకి బాడీ వంగి లోపల వైరు ఊడింది. ఒకసారి తగులుతోంది, ఒకసారి లేదు. డిజైన్ మార్చాలి, పరీక్షలు పెంచాలి. జూన్ కాస్తా ఆగస్టు అయింది. తలుపు మీద కొత్త కాగితాలు వాడే అతికించాడు.

మార్చి 22

అందరికీ మెయిల్ పంపేశాం. అక్టోబర్ కాదు, వచ్చే ఏడాది ఆగస్టు అని. ఎందుకో అంతా రాశాను, పిన్ని నిద్రతో సహా. వద్దన్నవాళ్ళకి డబ్బు తిరిగిస్తామని కూడా. అక్టోబర్‌లో కాన్పున్న ఆవిడకి విడిగా రాశాను. మమ్మల్ని నమ్ముకోకండి, మీ అమ్మగారిని రమ్మనండి.

మార్చి 23

దొంగలు. అక్కాతమ్ముళ్ళు కలిసి జనం మీద పడ్డారు. ఇలాంటి కామెంట్లే కుప్పలు. ఒకాయన మాత్రం ఆగస్టంటే ఆగస్టేనా అనడిగాడు. దాటొచ్చు అని రాశాను. తమ్ముడు తల పట్టుకున్నాడు.

ఆవిడ నుంచి ఏమీ లేదు.

మార్చి 30

ఏమీ లేదు. చదివిందో లేదో.

ఏప్రిల్ 6

ఆవిడ జవాబొచ్చింది. అంత గట్టిగా వద్దన్న అమ్మ దగ్గరికి మళ్ళీ కాళ్ళబేరానికి వెళ్ళాల్సొచ్చిందట. ఆ అమ్మ అన్న మాటలు మా వల్లే పడ్డానని రాసింది. సెప్టెంబర్‌లో వాళ్ళమ్మ వస్తోందట. ఆర్డర్ కాన్సిల్ చేయమంది. థాంక్స్ లేదు.

బతికించావు తల్లీ అనుకున్నాను. బాత్రూమ్‌లోకి వెళ్ళి కుళాయి తిప్పుకుని ఏడ్చాను.

ఆగస్టు 2

అయిపోతుందిగారు ఫోన్ చేశాడు. వారంలో అయిపోతుందట. ఆయన 'వారం' ఇప్పటికి చాలాసార్లు వచ్చి వెళ్ళింది.

సెప్టెంబర్ 11

అచ్చు నుంచి మొదటి ముక్కలు వచ్చాయి. వంకరపోయాయి, టేబుల్ మీద పెడితే ఒక్కటీ కుదురుగా కూర్చోదు. మళ్ళీ దిద్దుబాట్లే. తమ్ముడు నా వైపు చూశాడు. ఇద్దరికీ నవ్వొచ్చింది. ఆగలేదు.

తర్వాత భయమేసింది, నవ్వొచ్చినందుకు.