మునిరత్నం నొక్కిన మీట

తమ్ముడు నాగరాజుకు, కుప్పం నుంచి అక్క దీవెనలు. నువ్వూ మరదలూ పిల్లలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. లేకపోతే వెంటనే రాయి, ఉంటే తీరిగ్గా రాయి.

మనవరాలు సరళకు వండిపెట్టడానికి పుంగనూరు వదిలి మూడు నెలలైంది. నేను బాగానే ఉన్నాను, దిగులు పడొద్దు. ఇక్కడ తుంపర ఆగదు. అంగడాయన మూడు భాషల్లో పలకరిస్తాడు, మూడింటిలోనూ ధర ఒకటే. బస్సులో ఎవరైనా వస్తుంటే రాగిపిండి పంపు. పగలు పలకరించే దిక్కు లేక, సరళ పనిచేసే పాల ఆఫీసుకు క్యారియర్ నేనే తీసుకెళ్తాను.

ఆ ఆఫీసులో దయ్యం ఉందన్నారు. ఇక్కడి కంప్యూటర్ ముందు కూర్చుని, ఫోన్ లైను మీద మదనపల్లె కంప్యూటర్‌లోకి వెళ్లాలి. సరళ తన పేరు కొట్టి ఎంటర్ నొక్కగానే అది పాస్‌వర్డ్ అడుగుతుంది. ఈమె వేలు పెట్టకముందే ఎవరో ఖాళీగా ఎంటర్ నొక్కేసినట్టు "తప్పు" అంటుంది. అంతకుముందు ఆ కుర్చీలో పనిచేసిన మునిరత్నం కామెర్లతో చనిపోయిన వారంలోనే ఇది మొదలైంది. కొత్త ప్రోగ్రాం పెట్టిందీ ఆ వారమేనని ఎవరికీ తట్టలేదు.

అతని తల్లి గంగమ్మ రోజూ వచ్చి తెర ముందు నిలబడేది. "సూడమ్మా, మావాడు ఈడనే ఉండాడు. పని ఇడిసిపెట్టే రకం కాదు" అనేది.

నేను ముప్పై ఏళ్లు టైపు నేర్పినదాన్ని. ఆ మిషన్ మీద లివర్ ఒకసారి తోస్తే రెండు పనులు: కాగితం పట్టుకున్న బండి వరస మొదటికొస్తుంది, కాగితం పైకి జరుగుతుంది. "ఈ ఎంటరు కూడా రెండు పంపిస్తాందేమో సూడవే" అన్నాను. సరళ ప్రోగ్రాం విప్పి చూసింది. ఎంటర్ నొక్కిన ప్రతిసారీ ఆ లివర్ లాగే రెండు గుర్తులు వెళ్తున్నాయి: వరస మొదటికి రమ్మని ఒకటి, కింది వరసకు జరగమని ఒకటి. మదనపల్లె కంప్యూటర్ వాటిని రెండు ఎంటర్లుగా తీసుకుంటోంది. ఒకటి తీసేసింది. దయ్యం పోయింది.

మర్నాడు గంగమ్మ వచ్చింది. సరళ పేరు కొట్టి ఎంటర్ నొక్కింది. పాస్‌వర్డ్ అడిగి తెర ఊరకే ఉంది.

"యాలమ్మా, ఈ పొద్దు వాడు కొట్టలే?"

సరళ నా వంక చూసింది. నా నోరు సంగతి నీకు తెలుసు. "అది ప్రోగ్రాంలో తప్పమ్మా. సరిచేసినాము."

ఆమె తెర దగ్గరికి జరిగింది. "వాడు మీకేం అడ్డమొచ్చినాడని సరిచేసినారమ్మా?"

మళ్లీ రాలేదు.

"పాతదే పెట్టేదా అవ్వా?" అంది సరళ. "పని యాడ జరుగుతాదే పిచ్చిదానా" అన్నాను. నేను చెప్పింది నిజం, వెనక్కి తీసుకోను. కానీ నాగరాజూ, ఇప్పుడు క్యారియర్ ఇచ్చి వెంటనే ఇంటికి రావడం లేదు. సరళ పేరు కొట్టి ఎంటర్ నొక్కుతుంది. తెర కదలదు. పిల్ల పాస్‌వర్డ్ కొట్టబోతే, "ఉండవే కాసేపు" అంటున్నాను.

మరదలికి దీవెనలు. చౌడేపల్లె చిన్నమ్మకు నా నమస్కారం వినిపించు.

మీ అక్క,
సావిత్రమ్మ