లేవకముందే ఇనవడ్డది

అక్కా,

ఇనవడ్డది! ఉపగ్రహం ఇంక నేల అంచు కిందనే ఉండంగ దాని చప్పుడు మన రేడియోల ఇనవడ్డది! ఒక్కసారన్న ఇనాలెనని నువ్వు తండ్లాడింది గిదే గదా!

నువ్వు పోయి ఇయ్యాల్టికి ఏడాది. తెలంగాణ బంద్ అని మెదక్‌ల దుకాణాలన్నీ మూసిన్రు. మనింటి ఎనక యాదగిరన్న వెల్డింగ్ మిషన్ గూడ బందే. దాని గరగరతోనే మన రేడియోల ఏం ఇనవడకపోయేది. నువ్వు గోడ మీదికెల్లి ఆయనతోని మస్తు కొట్లాడేదానివి. ఇయ్యాల ఆయనే మన డాబా ఎక్కిండు. టీవీ రాడ్లతోని నువ్వు కట్టిన ఏంటెనాను పాపన్నపేట పొలాల దిక్కు పట్టుకొని నిలవడ్డడు.

గాలిని లెక్కల పట్టకుంట, ఉపగ్రహం లేస్తదని కంప్యూటర్ చెప్పిన టైముకు ఇంక జరంత ఉంది. గప్పుడే కుయ్ కుయ్‌మని మొదలైంది!

"లేవనే లేదంటివి, గొంతెట్లొస్తది తమ్మీ?" అన్నడు యాదగిరన్న.

నువ్వు బళ్లె పిల్లలకు చెప్పే ముచ్చటే చెప్పిన. గిన్నె అంచు చాటుకున్న రూపాయి బిళ్ల, నీళ్లు పోయంగనే కనవడ్తది. నేల దగ్గరి చిక్కటి గాలి గూడ గట్లనే సిగ్నల్‌ను వంచి మన దాంక తెస్తది.

"జై తెలంగాణ!" అని ఆయన ఒక్కటే కేక! పక్క డాబాల మీదికెల్లి గూడ జై కొట్టిన్రు.

ఉపగ్రహం నెత్తి మీదికెల్లి పోయింది. మునిగే టైము గూడ దాటింది.

"మునిగింది గదా తమ్మీ, ఇగ రేడియో బంద్ చెయ్యి" అన్నడు.

చెయ్యలే అక్కా. మునిగినంక గూడ దాని గొంతు జరసేపు వస్తనే ఉండె.