తలతో వచ్చాడు

కొల్లేటికోట,
ఆదివారం.

తాడేపల్లిగూడెం బావగారికి నమస్కారాలు.

మీ కోడలు రత్నం నిన్న ఉదయం మగబిడ్డను కన్నది. తల్లీబిడ్డా కులాసా. బిడ్డ తలతోనే వచ్చాడు.

పోయిన నెలలో మంత్రసాని బిడ్డ ఎదురుకాళ్ళతో ఉన్నాడని చెప్పినప్పుడు, "రానివ్వండి బావగారూ, మీ తరవాత నడుములు తొక్కడానికి ఓ పాదం ఉండొద్దాండీ?" అని మీరు నవ్వారు. ఊరందరిదీ అదే మాట. నేను ఎదురుకాళ్ళతో పుట్టినవాణ్ణి గనుక, నడుము పట్టేసిన వాళ్ళందరూ నా కాలికింద పడుకున్నవాళ్ళే, మీతో సహా. మీకు చెప్పకుండానే అమ్మాయిని దోనెలో కొల్లేరు దాటించి ఏలూరు ఆసుపత్రికి తీసుకువెళ్ళాను. మన్నించాలి.

లేడీ డాక్టరుగారు కత్తి పట్టలేదు. పొట్టమీద నూనె రాసి, ఒక చేయి బిడ్డ తలవైపు, ఒక చేయి కాళ్ళవైపు పెట్టి, తుంగలో దోనెను మళ్ళించినట్టు మెల్లగా తిప్పారట. మధ్యలో గొట్టం ఆనించి బిడ్డ గుండె చప్పుడు విన్నారట. నేను బయట కూర్చుని పెద్దింటమ్మకు మొక్కుకున్నాను. "నాన్నా, లోపల పెద్ద చేప పొర్లినట్టయింది" అంటూ అమ్మాయి నవ్వుకుంటూ వచ్చింది.

నా పాదం మహిమ అందరూ చెబుతారు. మా అమ్మ నన్ను చూడకుండానే పోయిందని ఎవరూ చెప్పరు.

రత్నం బిడ్డను చూసుకుంది. ఇప్పుడు పాలిస్తూ ఉంది.

మీ నడుము నేనున్నంతకాలం నేనే తొక్కుతాను. అక్కగారిని తీసుకుని పురిటిస్నానానికి రండి. మనవడి పాదాలు మాత్రం ముద్దు పెట్టుకోవడానికే.

మీ బావ